భాష వస్తే బతుకు మారుతుందా? భద్రాచలం సరిహద్దు వలస కోయల నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ పనులు చేయగలుగుతారు:
- వలస వచ్చినవారి భాషా నైపుణ్యాన్ని పెట్టుబడిగా చూసే సిద్ధాంతాన్ని క్లుప్తంగా వివరించడం
- ఆ సిద్ధాంతం ఏ పరిస్థితులను ముందే ఉన్నట్టు అనుకుంటుందో గుర్తించడం
- ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు అనుభవాన్ని ఆధారం చేసుకుని దాని బలాబలాలను అంచనా వేయడం

1. పరిచయం

కొత్త ప్రాంతానికి వెళ్లినవాడు అక్కడి మాట నేర్చుకుంటే పని దొరుకుతుంది, మంచి పని దొరుకుతుంది, కూలి పెరుగుతుంది. ఇది అందరూ ఒప్పుకునే మాట. అమెరికా ప్రయాణానికి ముందు మన పిల్లలు ఇంగ్లీషు పరీక్షలు రాయడం చూసినవారికి దీనిమీద అనుమానం కూడా రాదు. అయితే అందరూ ఒప్పుకునే మాటను ఒకసారి తిరగేసి చూడడమే విమర్శ పని. వలస, భాష అనగానే మన ఆలోచన సముద్రాలు దాటి పోతుంది. మన పక్కనే గోదావరి, శబరి నదుల మధ్య అడవిలో, మరో రాష్ట్రం నుంచి వచ్చి స్థిరపడిన వేలమంది ఉన్నారు. వాళ్లు దేశం దాటలేదు. కానీ పాలనా భాష మారింది, బడి భాష మారింది, చట్టం దృష్టిలో వాళ్ల గుర్తింపు మారింది. ఈ మూడూ మారితే అది కొత్త దేశమే. ఈ పాఠంలో మన పరీక్షకు వాళ్ల అనుభవాన్ని తీసుకుందాం.

2. సిద్ధాంతం ఏమంటుంది?

చదువు, ఆరోగ్యం, నైపుణ్యం వంటివాటిని మనిషిలో పెట్టిన పెట్టుబడిగా చూసే ధోరణి గ్యారీ బెకర్ 1964లో ప్రచురించిన గ్రంథంతో బలపడింది. దీన్నే మానవ మూలధన సిద్ధాంతం అంటాం. ఈ చూపును వలసదారుల భాషకు వర్తింపజేసినవారిలో ముఖ్యులు బారీ చిస్విక్, పాల్ మిల్లర్. 1995లో వారు ప్రచురించిన అధ్యయనం ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, ఇజ్రాయెల్ దేశాల సమాచారాన్ని పరిశీలించింది. వారి వాదన స్థూలంగా ఇది: భాష నేర్చుకోవడానికి కాలం, శ్రమ ఖర్చవుతాయి. నేర్చుకున్నాక ఆదాయం రూపంలో ఆ ఖర్చు తిరిగి వస్తుంది. ఎంత త్వరగా నేర్చుకుంటారన్నది మూడు అంశాలమీద ఆధారపడుతుంది. ఒకటి, కొత్త భాష ఎంతగా చెవిన పడుతుంది. రెండు, నేర్చుకునే సామర్థ్యం ఎంత. మూడు, నేర్చుకుంటే కలిగే ఆర్థిక లాభం ఎంత.

వీరే 2005లో భాషల మధ్య దూరాన్ని కొలిచే ప్రయత్నం కూడా చేశారు. మాతృభాష కొత్త భాషకు దగ్గరగా ఉంటే నేర్చుకోవడం సులువు, దూరంగా ఉంటే కష్టం అన్నది దాని సారాంశం.

ఈ సిద్ధాంతంలో మెచ్చుకోదగినది ఉంది. వలసదారుడి వెనుకబాటుకు అతని జాతినో స్వభావాన్నో కారణంగా చూపకుండా, మార్చగల ఒక అంశాన్ని చూపిస్తుంది. భాష రానివాడు తెలివి తక్కువవాడు కాడనీ, ఇంకా నేర్చుకోనివాడు మాత్రమేననీ చెబుతుంది. అది చిన్న మేలు కాదు. మన అభ్యంతరం వేరే చోట ఉంది. దాన్ని చూడాలంటే అడవిలోకి వెళ్లాలి.

3. సరిహద్దులో ఉన్నవారెవరు?

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకూ, సల్వాజుడుంకూ, భద్రతా బలగాలకూ మధ్య నలిగిన ఆదివాసీ కుటుంబాలు ఊళ్లు వదిలి సరిహద్దు దాటాయి. అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు చేరుకున్నాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టు నందినీ సుందర్ కేసులో తీర్పు ఇస్తూ, ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. అప్పటికే వచ్చినవారిలో చాలామంది ఇక్కడే గుడిసెలు వేసుకుని, పోడు కొట్టుకుని, కూలికి అలవాటు పడ్డారు.

స్థానికులు వీరిని గుత్తికోయలు అంటారు. ఆ పేరు బయటివారు పెట్టింది. వీరిలో మురియాలున్నారు, దోర్లాలున్నారు. ఇంట్లో మాట్లాడేది గోండీ, కోయ భాషల రూపాలు. కొంతమందికి బస్తరు సంతల్లో చెల్లుబాటయ్యే హల్బీ వస్తుంది. బడికి వెళ్లినవారికి కాస్త హిందీ వస్తుంది. కొంటా వైపు నుంచి వచ్చిన దోర్లాలకు సంతల మూలంగా తెలుగుతో పాత పరిచయం ఉంది. లోపలి ఊళ్లనుంచి వచ్చినవారికి ఆ పరిచయం తక్కువ.

వీరు వచ్చి చేరిన నేల కూడా స్థిరంగా లేదు. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ తరువాత ఖమ్మంలో కలిసింది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. దంతెవాడ నుంచి వచ్చిన ఒక కుటుంబం చింతూరులో ఆగిందా, చర్లలో ఆగిందా అన్నదాన్ని బట్టి ఇప్పుడు రెండు వేర్వేరు ప్రభుత్వాల కింద ఉంటుంది.

4. మొదటి పరీక్ష: భాషల దూరం

సిద్ధాంతాన్ని ముందుగా దాని సొంత కొలతతోనే పరీక్షిద్దాం. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో ప్రచురించిన ద్రావిడ భాషల గ్రంథంలో తెలుగును గోండీ, కువి, కొండ వంటి భాషలతో కలిపి దక్షిణ-మధ్య ద్రావిడ శాఖలో చేర్చారు. అంటే కుటుంబపరంగా తెలుగుకు తమిళం కంటే గోండీ దగ్గర. గోండీలో రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెడుతుంటే తెలుగువాడికి రెండు, మూడు, నాలుగు అని ఇట్టే తెలిసిపోతుంది. నీటిని ఏర్ అంటే మనకు ఏరు గుర్తొస్తుంది.

చెవిన పడడం విషయంలోనూ లోటు లేదు. మిరప తోటలో, పత్తి చేలో, సంతలో, ఆసుపత్రిలో రోజూ తెలుగే. నేర్చుకుంటే లాభం కూడా ఉంది. మూడు షరతులూ చాలావరకు కుదిరాయి. సిద్ధాంతం ప్రకారం ఇరవై ఏళ్లలో ఈ కుటుంబాలు కూలిపనినుంచి పైమెట్టు ఎక్కి ఉండాలి. యువకులు చాలామంది పనికి సరిపడా తెలుగు నేర్చుకున్నారు కూడా. కానీ వారు చేసే పనులు ఏమిటి? మిరపకాయ కోతలు, పత్తి తీత, నాట్లు, తునికాకు సేకరణ, ఇప్పపువ్వు ఏరుకోవడం. తల్లిదండ్రులు తెలుగు రాక చేసిన పనినే పిల్లలు తెలుగు వచ్చి చేస్తున్నారు. భాష మారింది, పని మారలేదు. ఇక్కడే సిద్ధాంతాన్ని ప్రశ్నించాలి.

5. రెండో పరీక్ష: లాభం ఎవరిది?

తెలుగు రావడం వల్ల లాభమే లేదనడం పొరపాటు. తునికాకు కల్లం ఉదాహరణ తీసుకోండి. యాభై ఆకులు ఒక కట్ట. కట్టలు లెక్కపెట్టుకునేది కల్లేదారు. ఆకు బాగాలేదని కొన్ని కట్టలు పక్కన పెడితే, ఎందుకు పెట్టావని అడగడానికి మాట కావాలి. ఎన్ని కట్టలు రాశారో చూసుకోవడానికి కాస్త చదువు కావాలి. భాష రానివారు తమ కష్టాన్ని తాము కొలుచుకోలేరు. ఇక్కడ భాష నేరుగా డబ్బే.

మిరప కోతల సంగతి చూడండి. రైతుకు ముప్పైమంది కూలీలు కావాలి. అందరితో మాట్లాడలేడు. గుంపులో తెలుగు వచ్చిన ఒక యువకుడితో మాట్లాడతాడు. అతడు మేస్త్రి అవుతాడు. కూలి రేటు, పనివేళలు, బియ్యం, వసతి, బండి అన్నీ అతని ద్వారానే తేలతాయి. అతనికి ఎంతో కొంత మిగులుతుంది. ఏ పరిశోధకుడైనా వచ్చి సర్వే చేస్తే, తెలుగు బాగా వచ్చినవారి ఆదాయం ఎక్కువని లెక్క తేలవచ్చు. దాన్నిబట్టి అందరికీ తెలుగు నేర్పితే అందరి ఆదాయం పెరుగుతుందని సిఫారసు చేయవచ్చు.

ఈ తర్కంలో దోషం ఎక్కడుందో ఆలోచించండి. మేస్త్రికి వచ్చే అదనపు ఆదాయం అతని తెలుగుకు వచ్చిన ధర మాత్రమే కాదు. మిగతా ఇరవైతొమ్మిదిమందికి తెలుగు సరిగా రాకపోవడానికి వచ్చిన ధర కూడా. అందరికీ తెలుగు వస్తే మేస్త్రి మిగులు కరిగిపోతుంది, కోతకూలి మాత్రం కోతకూలిగానే ఉంటుంది. బేరమాడే శక్తి కొంత పెరగవచ్చు, ఆ మేరకు మేలే. కానీ ఒకరి విషయంలో కనిపించిన లాభాన్ని అందరికీ గుణించడం కుదరదు. ఒకరు లేచి నిలబడితే నాటకం బాగా కనిపిస్తుంది, అందరూ లేచి నిలబడితే ఎవరికీ అదనంగా కనిపించదు. భాషకూ ఆదాయానికీ సంబంధం చూపే పట్టికలు చదివేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోండి.

6. మూడో పరీక్ష: కాగితం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చిస్విక్, మిల్లర్ పరిశీలించిన దేశాల్లో వలసదారుల్లో అత్యధికులు చట్టబద్ధంగా అడుగుపెట్టినవారు. పని చేసుకునే హక్కు వారి చేతిలో ఉంది. కెనడా అయితే 1967లో తెచ్చిన పాయింట్ల పద్ధతిలో భాషా జ్ఞానానికే మార్కులు వేసి మనుషులను ఎంచుకుంది. అంటే హోదా ముందే ఉంది, తేడా భాషలోనే ఉంది. అందరిలో సమానంగా ఉన్న అంశం లెక్కల్లో కనిపించదు. కనిపించనంత మాత్రాన అది పని చేయడం లేదని కాదు.

భద్రాచలం అడవిలో హోదా సమానం కాదు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో గిరిజనుడిగా గుర్తింపు పొందినవాడు మరో రాష్ట్రానికి వలస వెళ్తే ఆ గుర్తింపు వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో స్పష్టం చేసింది. ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండు పద్దు కింద మురియా, దోర్లా, కోయ పేర్లు ఉన్నాయి. తెలంగాణ జాబితాలో కోయలూ ఉన్నారు, గోండులూ ఉన్నారు. అయినా సరిహద్దు దాటి వచ్చిన మనిషికి ధ్రువపత్రం దొరకదు. కొందరికి ఓటరు కార్డు, రేషన్ కార్డు దక్కినా గిరిజన ధ్రువపత్రం వేరే మెట్టు.

దీని ఫలితాలను వరుసగా చూడండి.

మొదటిది భూమి. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమిపై హక్కు ఇస్తుంది. ఇతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ నివాసం ఉన్నట్టు చూపాలి. 2005 జూన్ తరువాత ఊరు వదిలినవారికి ఈ రెండు గడపలూ దాటడం దాదాపు అసాధ్యం. ఎంత చక్కని తెలుగు నేర్చుకున్నా గడువు తేదీ వెనక్కి జరగదు.

రెండోది కొనుగోలు. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో చేసిన సవరణ నిషేధించాయి. కోయల భూమిని బయటివారి నుంచి కాపాడడానికి పుట్టిన రక్షణ ఇది. ధ్రువపత్రం లేని కోయ భాషి ఆ చట్టం ముందు బయటివాడిగా నిలబడవలసి వస్తోంది.

మూడోది చదువు, ఉద్యోగం. తెలుగు నేర్చుకుని, పదో తరగతి పాసైన పిల్లవాడు గిరిజన కోటా కింద గురుకుల సీటుకో, స్కాలర్‌షిప్‌కో, ఉద్యోగానికో వెళ్తే కులధ్రువీకరణ అడుగుతారు. భాష అతన్ని ఆ కిటికీ దాకా తీసుకువెళ్లింది. కిటికీ తెరిచేది కాగితం.

ఇక్కడ సిద్ధాంతం చెప్పే ఆర్థిక ప్రేరణ తలకిందులవుతుంది. పైమెట్టు మూసి ఉన్నప్పుడు, కూలికి సరిపడా తెలుగు దాటి మరింత నేర్చుకోవడం వల్ల ఏం లాభం? బడి మధ్యలో మానేసిన పిల్లవాడిని చూసి వీరికి చదువుమీద ఆసక్తి లేదని తేల్చేవారు ఈ లెక్క వేసి చూడాలి. ముందున్న దారి కనబడుతున్నంత దూరమే ఎవరైనా నడుస్తారు.

7. మాటే ముద్ర అయినప్పుడు

భాషకు ఆదాయంతో పాటు మరో ముఖం ఉంది. ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బోర్దియూ 1982లో ప్రచురించిన గ్రంథంలో భాషను ఒక మార్కెట్టుగా చూపించాడు. అక్కడ ధర పలికేది వ్యాకరణం కాదు, మాట్లాడేవాడి స్థానం. ఒకే వాక్యం అధికారి నోట ఒక విలువ, కూలివాడి నోట మరో విలువ పొందుతుంది. మన సరిహద్దులో ఇది కళ్లకు కడుతుంది. వలస కోయ తెలుగు మాట్లాడగానే యాసను బట్టి ఎక్కడివాడో తెలిసిపోతుంది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఒక అటవీ అధికారి హత్యకు గురైన తరువాత, ఆ నేరంతో సంబంధం లేని కుటుంబాలపై కూడా అనుమానపు చూపు పడింది. అటువంటి వాతావరణంలో నోరు విప్పడం అంటే తనను తాను పట్టించుకోవడమే. మౌనంగా ఉండడం భాషా లోపం కాకపోవచ్చు, జాగ్రత్త కావచ్చు.

8. భాషకు ధర కల్పించిన ఒక పాత ప్రయోగం

ఇంతవరకు భాష నేర్చుకోవలసింది వలసదారుడే అన్న ఊహను మనమూ ప్రశ్నించలేదు. ఎదుటిపక్షం నేర్చుకుంటే ఏమవుతుంది?

ఆదిలాబాద్‌లో 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. గోండు యువకులు శిక్షణ పొంది తమ పిల్లలకే ఉపాధ్యాయులయ్యారు. ఇక్కడ గోండులకు కొత్త భాష వచ్చినందువల్ల మాత్రమే ఉద్యోగం రాలేదు. వారి సొంత భాష అవసరమయ్యే ఉద్యోగాన్ని ప్రభుత్వం సృష్టించింది. భాషకు ధర దానంతట అది రాదు, సంస్థలు కల్పిస్తాయి అనడానికి ఇది మంచి ఉదాహరణ.

తరువాతి కాలంలోనూ ఈ దారిలో అడుగులు పడ్డాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండీతో సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక విద్యా కార్యక్రమం ప్రారంభించింది. 2000లో వచ్చిన 3వ నంబరు ఉత్తర్వు షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. నూరు శాతం కేటాయింపు చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తీర్పు న్యాయాన్యాయాలు వేరే చర్చ. మన పాఠానికి కావలసింది ఇది: ఆ రోజుతో బడిలో పిల్లవాడి భాష తెలిసిన ఉపాధ్యాయుడు ఉండేందుకు ఉన్న ఒక హామీ పోయింది.

2011 జనగణనలో గోండీ మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 29.8 లక్షలు, కోయ చెప్పుకున్నవారు సుమారు 4 లక్షలు. 2003 నాటి 92వ సవరణతో సంతాలీ, బోడో ఎనిమిదో షెడ్యూలులోకి వచ్చాయి, గోండీ రాలేదు. ఇంటి భాష కోయ, సంత భాష తెలుగు, 2022 తరువాత తెలంగాణ ప్రభుత్వ బడి పుస్తకంలో ఇంగ్లీషు, తిరిగి సొంతూరు వెళ్తే హిందీ. నాలుగు భాషల మధ్య పెరిగే ఈ పిల్లవాడిని భాష రానివాడని పిలుస్తున్నాం. మిర్చి సీజనులో పీహెచ్‌సీకి వచ్చే కోయ గర్భిణితో ఆమె భాషలో మాట్లాడగల మనిషి ఎంత అవసరమో ఆలోచించండి. ఆ అవసరాన్ని పోస్టుగా గుర్తిస్తే అతని నాలుగు భాషలూ నైపుణ్యమే అవుతాయి.

9. ఈ విమర్శకూ హద్దులున్నాయి

మన వాదనను కూడా అదే గీటురాయిమీద పెట్టాలి. స్థానిక కోయలకు ధ్రువపత్రం ఉంది, వలస కోయలకు లేదు, కాబట్టి ఇద్దరి మధ్య తేడా అంతా కాగితం వల్లనే అనడం తొందరపాటు. స్థానిక కోయలకు కొంత భూమి ఉంది, తరాల తెలుగు పరిచయం ఉంది, బంధుబలగం ఉంది. వాటి ప్రభావాన్ని విడదీయకుండా తుది తీర్పు చెప్పలేం. పైగా ధ్రువపత్రం ఉన్న స్థానిక కోయల్లోనూ ఎందరో కూలిపనిలోనే ఉన్నారు. వలస వచ్చినవారికి గుర్తింపు ఇస్తే తమ వాటా తగ్గుతుందన్న వారి భయాన్ని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. కాగితం తలుపు తీస్తుంది, గదిలో ఎంత జాగా ఉందన్నది వేరే ప్రశ్న.

అదేవిధంగా కాగితమే ముఖ్యం కాబట్టి తెలుగు నేర్పనక్కరలేదనడం మరింత ప్రమాదకరం. దరఖాస్తు పెట్టడానికి, కట్టలు లెక్కపెట్టించుకోవడానికి, వైద్యుడికి నొప్పి చెప్పడానికి భాష ఈరోజే కావాలి. భాష అక్కరలేదని ఈ పాఠం చెప్పడం లేదు. భాష ఒక్కటే చాలదని చెబుతోంది.

10. సారాంశం

భాషా నైపుణ్యం వలసదారుల ఉపాధిని ప్రభావితం చేస్తుందన్న సిద్ధాంతం అబద్ధం కాదు, అసంపూర్ణం. హోదా ఉన్నవారిమధ్య భాష తేడా తెస్తుంది. హోదా లేనిచోట భాష కూలిపని లోపల కొంత రక్షణ ఇస్తుంది కానీ కూలిపని దాటించలేదు. ఒకరికి వచ్చిన లాభం అందరికీ వస్తుందని అనుకోరాదు. భాషకు ధర కల్పించేది చట్టం, బడి, ఉద్యోగాల నిర్మాణం. వారికి తెలుగు నేర్పాలా అని అడిగేవారు, నేర్చుకున్నాక వారికి ఏ తలుపు తెరుస్తాం అన్న ప్రశ్నకు కూడా సమాధానం చెప్పాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. భాష నేర్చుకోవడాన్ని నిర్ణయించే మూడు అంశాలను వలస కోయల పరిస్థితికి అన్వయించండి.
2. మేస్త్రి ఆదాయం ఆధారంగా అందరికీ సిఫారసు చేయడంలో ఉన్న తార్కిక దోషం ఏమిటి?

ఆ) 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. హోదా, భాష ఈ రెండింటిలో ఏది ఉపాధిని ఎక్కువగా నిర్ణయిస్తుంది? ఈ పాఠంలోని వాదనను అంగీకరిస్తూ గాని, ఖండిస్తూ గాని చర్చించండి.

ఇ) మీ ప్రాంతంలో పని చేసే వేరే రాష్ట్రపు కూలీలను గమనించండి. వారి తరఫున మాట్లాడేది ఎవరు? వారి భాష తెలిసినవారు మీ ఊరి బడిలో, ఆసుపత్రిలో, పోలీసు స్టేషనులో ఎవరైనా ఉన్నారా? మీరు చూసినది రెండు పేజీల్లో రాసి సంపర్క తరగతిలో చర్చకు పెట్టండి.